ద్రాక్షపళ్ళు మానేశాం

నిన్న బందరు బస్టాండు బయట తోపుడు బండి మీద పంపర పనసకాయలు గుట్టగా పోసి ఉంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కోసి పెట్టనా అత్తా అని బండివాడు అడిగితే వద్దని చెయ్యి ఊపి వచ్చేశాను గానీ, మా కోడూరు చేరేదాకా మనసు మనసులో లేదు. నాకు సంతకం వరకే వచ్చు గనక, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మా ఆయన పోయాక చేపల గంప నెత్తిన పెట్టుకుని బతికినదాన్ని. తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడైతే నాది ఒకటి ఇచ్చాను. వాణ్ణి ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో గ్రేప్ ఫ్రూట్ తినకూడదు, కొత్త కిడ్నీ నిలవడానికి వేసే మందుకు పడదు అని గట్టిగా చెప్పారు. గ్రేప్ అంటే ద్రాక్షే కదా అంది చదువుకున్న మా మరదలు. ఆ రోజు నుంచి మా ఇంటికి ద్రాక్షపండు రానివ్వలేదు. కిస్‌మిస్ ఉందని గుడి ప్రసాదం కూడా వాడి చేతిలోంచి లాగేసుకున్నాను. నోటికేదీ రుచించడం లేదంటే, చల్లపల్లి నుంచి పంపర పనసలు తెప్పించి, తొనల పొర వలిచి, రోజూ నేనే తినిపించాను.

రెండు నెలలకి గ్లాసు పట్టుకోలేనంతగా వాడి చేతులు వణికాయి. రక్తం పరీక్ష చేసి, మందు ఒంట్లో మితిమీరింది, కొత్త కిడ్నీ దెబ్బ తింటోంది అన్నారు. మాత్రలు ఇచ్చేది నేనని, నాకు చదువు రాదని తెలిశాక, పెద్ద డాక్టరుగారు ఒక పూటవి రెండుసార్లు వేసేసి ఉంటావని తేల్చేశారు. మరదలు నా మొహం వంక చూడలేదు. ఆ మాటకి తలొంచుకుని వచ్చేద్దామనే అనిపించింది గానీ, నేను వేసిన మాత్ర నాకు తెలుసు. అయిపోయిన మాత్రల అట్టలు పొద్దుటివి ఒక వల దారానికి, సాయంత్రానివి ఇంకో దారానికి గుచ్చి దాచేదాన్ని. అవి తీసుకెళ్ళి చిన్న డాక్టరుగారి బల్ల మీద పెట్టాను.

"తప్పు నాదైతే ఒప్పుకుంటాను బాబూ. నాది కాకపోతే ఆ తప్పేదో మళ్ళీ మాతోనే ఇంటికొస్తుంది. అది తేల్చి పంపండి."

ఆయన అట్టలన్నీ లెక్కపెట్టి, లెక్క సరిగ్గానే ఉందని, కుర్చీ దగ్గరికి లాక్కుని, వాడు పొద్దున లేచింది మొదలు ఏం తింటాడో చెప్పమన్నారు. అన్నం, పులుసు, మజ్జిగ అంటూ పంపర పనస దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం ఆగింది. ఫోనులో బొమ్మ చూపించారు.

"గ్రేప్ ఫ్రూట్ ద్రాక్ష కాదమ్మా, ఇదిగో. మీ పంపర పనసకి తోబుట్టువు. రెండూ మందుని ఒంట్లో పెంచేస్తాయి, పెట్టకూడదు."

కిడ్నీ నిలిచింది, పూర్తిగా కాదు; తమ్ముడు మళ్ళీ చేపల వేటకి పడవెక్కలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో కొత్త మాట వినబడితే బొమ్మ చూపించమంటాను, నవ్వినా సరే.

అమ్మ లేని ఇంట్లో చిన్నప్పుడు వాడు నేనేం పెట్టినా చూడకుండా నోరు తెరిచేవాడు. ఇప్పుడు గిన్నె ముందు పెట్టగానే కాస్త ఆగి, "అక్కా, ఇది తినొచ్చా?" అంటాడు. అలా అడగమని నేర్పింది నేనే, అడగడమే మంచిది కూడా. అయినా వాడు ఆగే ఆ కాసేపూ నాకు ఊపిరి ఆడదు.