అవ్వ ఎత్తు బెల్లం

ఆ రోజుల్లో మనిషి ఒళ్లు చేస్తే ఇంటికి కళ వచ్చిందనేవారు. చుట్టాలొచ్చి "మంచిగ లావైనవే" అంటే అది దీవెన. (ఇప్పుడు మా మనవరాళ్లతో ఆ మాట అని చూడండి, ఆ పూట అన్నం ముట్టరు.) నిజాం సర్కారు నాటి రామన్నపేటలో మా నేతవాళ్ల వాడంతటికీ కళ మా అవ్వే, మా బాపు తల్లి. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. లేవాలంటే ఒక చేయి గోడకు, ఒక చేయి నా భుజానికి. నేనేమో ఆమె పక్కన కట్టెపుల్లలా ఉండేదాన్ని.

ఒక ఎండాకాలం నాకు విషజ్వరం వచ్చి చాపకు అంటుకుపోయాను. అవ్వ గుట్ట మీది శివుడికి ఎత్తు బెల్లం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, మొక్కుకుంది. లోకంలో అందరూ జబ్బుపడ్డ పిల్ల ఎత్తే మొక్కుతారు. మా అవ్వ అలా మొక్కలేదు. "దీని ఎత్తు ఎంతనయ్యా, నీ చీమలకు గూడ చాలదు. నా ఎత్తు ఇస్త, పిల్లను ఇడువు" అన్నదట. స్వామికి బేరం నచ్చినట్టుంది, నేను లేచి గంజి తాగాను. మొక్కు శివరాత్రికి చెల్లించాలి.

ఆ వానాకాలంలోనే దవాఖానకు కొత్త డాక్టరు వచ్చారు. ఆయనకు మనుషుల్ని తూచే పిచ్చి. ధాన్యం మండీ నుంచి పెద్ద తరాజు తెప్పించి మా వాడ చావడి దూలానికి కట్టించారు. "అందరి బరువు రాసుకుంట. ఏడాదికోసారి వచ్చి చూస్త. లావున్నోళ్లకు ఏం రోగాలొస్తయి, బక్కోళ్లకు ఏమొస్తయి, ఎవరు ముందుగాల పోతరు, అన్నీ తెలుస్తయి" అని ఎంతో ప్రేమగా చెప్పారు. విన్నవాళ్లలో సగం మంది ఇళ్లకు పోయి తలుపులేసుకున్నారు. సాయంత్రానికల్లా ఆయన పేరు చిత్రగుప్త డాక్టరు.

అవ్వ మాత్రం జంకలేదు. "మనది మార్కండేయుని వంశం. యముడే ఎనుకకు మళ్లిండు, గీ డాక్టరెంత?" అంటూ వెండి కడియాలతో సహా పళ్లెంలో కూర్చుంది. (తియ్యమంటే తియ్యలేదు, అవీ తన ఒళ్లేనంది.) తూకపు రాళ్లు చాలక దుకాణం నుంచి ఇంకో రాయి తెచ్చారు. వాడంతా చప్పట్లు కొట్టింది. అవ్వ కుస్తీ గెలిచినట్టు అందరినీ చూసింది. డాక్టరొక్కరే నవ్వలేదు. వంగి ఆమె కాలు వేలితో నొక్కారు. పడ్డ గుంట పూడలేదు.

"అవ్వా, నడిస్తే ఆయాసం వస్తాందా?"

"నడిస్తే గద బిడ్డా, వచ్చేది!"

"గీ బరువంత గుండె మీద పడ్తాంది. జర తగ్గాలె. తగ్గకుంటే..." అని ఆయన బాపు వైపు చూసి ఆగిపోయారు.

అవ్వ ఒప్పుకుంటేగా! "శివరాత్రి దాంక ఒక్క తులం తగ్గ. గీ ఎత్తు ఉన్ననాడు మొక్కిన. చిక్కిపోయి తూగితే దేవుని వాటల కోత పెట్టినట్టు గాదా?" అంది. ఎక్కడ తగ్గిపోతానో అన్న భయానికి ఆనాటి నుంచి ఇంకో రొట్టె, దాని మీద ఇంకింత నెయ్యి. బాపు బతిమాలాడు, కసిరాడు, చివరికి అలిగాడు. అవ్వ తింటూనే ఉంది, రొప్పుతూనే ఉంది. నా ప్రాణానికి మొక్కిన మొక్కు ఆమె ప్రాణం మీదికి వచ్చిందని నేను మగ్గం చాటున ఏడ్చేదాన్ని.

నేను బడి ముఖం చూడలేదు. బాపు మగ్గం గుంటలో కూర్చుని చెప్పిన పురాణాలే నా చదువు. ఆ చదువే అక్కరకొచ్చింది.

"అవ్వా, శివుడు గుట్ట మీదనే ఉంటడా?"

"అంతట ఉంటడే."

"మరి డాక్టర్ సాబు తరాజు కాడ ఉండడా?"

అవ్వ రాట్నం ఆగిపోయింది.

మర్నాడు ఆ మండీ తరాజుకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఏం జరుగుతోందో తెలియకపోయినా డాక్టరు బూట్లు విప్పి నిలబడ్డారు. ఒక పళ్లెంలో అవ్వ, ఒక పళ్లెంలో బెల్లం. ముల్లు నిలిచాక బెల్లాన్ని గోనెలో కట్టి దూలానికి వేలాడదీశారు. "సామీ, నీ వాట నీకు కట్టిపెట్టిన. ఇగ నేనెట్లయిన నీకు ఫికర్ లేదు" అని అవ్వ దండం పెట్టింది. ఆ పూట నుంచే అంబలి, ఆకుకూర, పొలిమేర దాకా నడక. నడుస్తూ దారి పొడుగునా చిత్రగుప్తుణ్ణి తిట్టేది. తిట్టడానికి ఊపిరి ఆడుతోందని నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

శివరాత్రికి గుట్టెక్కాం. స్వామి ఎదుట మళ్లీ తూగాలని పూజారి అన్నాడు. అవ్వను కూర్చోబెట్టి, ఇటు బెల్లం మూట పెట్టారో లేదో, మూట దబ్బున కిందికి, అవ్వ గాల్లోకి!

"అవ్వ లేసింది! దించుండ్రి!" అని జనం ఒకటే నవ్వు.

అవ్వ గాల్లో కాళ్లాడిస్తూ, "దించకుండ్రి! జర ఉండనియ్యుండ్రి. సామి సూడనీ... ఎక్కువనే ముట్టింది" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ బెల్లమంతా ప్రసాదమై మా వాడకే తిరిగొచ్చింది. ప్రసాదం వద్దనకూడదు కదా! మరుసటి ఏడు తూచడానికొచ్చిన డాక్టరు తల పట్టుకున్నారు. అవ్వ తప్ప వాడంతా లావైంది.

అవ్వ నా పెద్దబిడ్డను ఆ కాళ్ల మీదే వేసుకుని నీళ్లు పోసింది. అందుకే సంధ్యాదీపం పెట్టి శివుడికి మొక్కాక, ముఖం కూడా గుర్తులేని ఆ డాక్టరుకూ ఒక దండం పెట్టుకుంటాను. మొన్న దవాఖానలో నన్నూ తూకం మిషను ఎక్కించారు. రెండో పళ్లెం కోసం అలవాటుగా పక్కకు చూశాను, లేదు. "జర తగ్గాలె అమ్మా" అంది డాక్టరమ్మ. నేను కళ్లు మూసుకుని నవ్వుకున్నాను. సామీ, ఆ కట్టెపుల్ల ఎత్తు ఇప్పుడు నీ చీమలకు చాలుతుంది.