ఆరో గడి

ఉద్యోగం పోయాక మూడు నెలలు నేను గది దాటి రాలేదు, సరిగ్గా నిద్రపోలేదు. డాక్టర్ ఒక పని చెప్పారు: బతుకమ్మ తొమ్మిది రోజులూ బయటికెళ్లి, రోజుకొక బతుకమ్మ ఫొటో తీయాలి. తొమ్మిది గడుల పట్టిక గీసుకున్నాను. ఐదు గడులు నిండాయి. రెండు రాత్రులు నిద్ర కూడా పట్టింది.

ఆరో రోజు నిజామాబాద్‌లో ఎంత తిరిగినా బతుకమ్మ కనబడలేదు. బోధన్ బస్సెక్కి, చెరుకు తోటల మధ్య వచ్చే ప్రతి ఊరినీ కిటికీలోంచి వెతికాను. ఎక్కడా పేర్చిన పూలు లేవు. పొద్దు వాలుతోంది. ఒక్క గడి ఖాళీ ఉన్నా మళ్లీ ఆ గదిలోనే పడతానని నా భయం. కెమెరా కిటికీ వైపు తిప్పబోతే లెన్స్ మూత జారి కిందపడింది.

పక్కసీటులోని ముసలామె దాన్ని తీసింది. "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"బతుకమ్మ ఎక్కడ ఆడుతున్నరో అని అవ్వా. ఇయ్యాల ఫొటో తియ్యకుంటే నా లెక్క తప్పుతది."

ఆమె పకపకా నవ్వింది. "గింత పెద్ద కెమెరా పట్టినవ్, గిది తెల్వదా? ఆరో దినం బతుకమ్మ అలుగుతది. ఇయ్యాల ఎవ్వరూ పేర్సరు."

"మరి తొమ్మిది రోజులంటరు కదా?"

"అలిగిన దినం గూడ కలిపితెనే తొమ్మిది. రేపు మళ్ల రాదా ఏంది?"

మూతను తనే నా లెన్స్‌కు బిగించింది.

ఇంటికొచ్చి ఆరో గడిలో 'అలిగింది' అని రాశాను. ఏడో గడిలో ఫొటో ఉంది. ఇప్పుడు ఏ పట్టిక గీసినా, ఒక గడిలో ముందే ఆ మాట రాసుకుంటాను.