జనీన్ గదికి కట్టిన డివిడెండు

గనుల ఊరు సడ్‌బరీలో లైల్ హాపలా తరం మగవాళ్లు రెండు రకాలు: గనిలోకి దిగినవాళ్లు, స్తంభం ఎక్కినవాళ్లు. లైల్ ఎక్కినవాడు. ముప్పయ్యారేళ్లు ఫోన్ కంపెనీలో లైన్‌మన్‌గా పనిచేశాడు. సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉన్న పొద్దుల్లో వట్టి చేతులతో తీగలు అతికి, రెండు వేళ్ల చివర్లు చలికి పోగొట్టుకున్నాడు. ప్రతి జీతంలోనూ కొంత కోయించుకుని కంపెనీ షేర్లే కొన్నాడు. అక్కడ అందరూ చేసేదే అది. కొననివాణ్ణి తోటివాళ్లు ఉద్యోగం మానేసి పోయేవాడిలా చూసేవాళ్లు. అమ్మినవాణ్ణి అంతకంటే హీనంగా చూసేవాళ్లు.

షేరు ధర ఎంతుందని ఎవరైనా అడిగితే, అమ్ముకునేవాడికి కావాలి ఆ లెక్క, నాకెందుకనేవాడు లైల్. అతను చూసేది మూడు నెలలకొకసారి పదిహేనో తారీకున బ్యాంకులో పడే డివిడెండు ఒక్కటే. షేరుకి ఏడాదికి నాలుగు డాలర్ల లెక్కన వాటాదారులకి కంపెనీ పంచే సొమ్ము అది. పదిహేనేళ్లుగా పెరగడమే తప్ప తగ్గింది లేదు. దాన్ని అతను ఊరికే వచ్చే డబ్బనుకోలేదు. తన వేళ్ల చివర్లకి కంపెనీ ఇంకా ఇస్తున్న కూలి అనుకున్నాడు.

డెబ్బయ్యో ఏట అతని భార్య జనీన్‌కి మతిమరుపు ముదిరింది. పొయ్యి వెలిగించి మరిచిపోవడం, మంచులో చెప్పులు లేకుండా వీధిలోకి వెళ్లిపోవడం. వృద్ధుల్ని చూసుకునే హోములో చేర్పించక తప్పలేదు. మొదటి నెల ఇద్దరుండే గదిలో పెట్టారు. నిద్రలోంచి లేచి పక్క మంచం మీద కొత్త మనిషిని చూసి, దొంగ వచ్చిందని అరిచేది. తిండి మానేసింది. నర్సులు మాత్రలిచ్చి పడుకోబెట్టారు. లైల్ ఎవరెవరి చుట్టూనో తిరిగి సొంత గది సంపాదించాడు. కిటికీ, కిటికీ అవతల ఒక పైను చెట్టు, లోపల జనీన్ ఒక్కతే. ఆ వారమే ఆమె నిద్రపోయింది. లైల్ తెచ్చిన పుల్లా అనే యాలకుల తీపి రొట్టె తుంచుకుని తింది కూడా.

ఉమ్మడి గదికీ సొంత గదికీ తేడా మొదట్లో నెలకి ఏడు వందలు. ముసలితనాన్ని కిటికీల లెక్కన అమ్ముకునే చోట అది చిన్న ధరే అంటారు. లైల్ పింఛను తన ఇంటికీ, ఉమ్మడి గది ఖర్చుకీ సరిపోయేది. ఆ పైన ఏడు వందలూ డివిడెండు కట్టేది. షేర్లే జనీన్‌ని ఆ గదిలో ఉంచుతున్నాయి.

అప్పుడు షేరు పడడం మొదలైంది. డెబ్బైది యాభై, యాభైది ముప్పయ్యారు. లైల్ భయపడలేదు, సంబరపడ్డాడు. నాలుగు డాలర్లిచ్చే షేరు డెబ్బైకి కాక ముప్పయ్యారుకే దొరుకుతుంటే వద్దనేవాడెవడు? నూటికి పదకొండు ఎక్కడొస్తుంది? జనీన్ గది రేటు పెరిగి ఆ తేడా తొమ్మిది వందలైన ఏడాది క్రెడిట్ యూనియన్ బ్యాంకులోని డిపాజిట్ తీసేసి ఇంకో ఆరు వందల షేర్లు కొన్నాడు. మొత్తం రెండు వేల ఎనిమిది వందలయ్యాయి. అంత వడ్డీ ఎందుకొస్తోందో ఒకసారి ఆలోచించమని కౌంటర్ దగ్గరి అమ్మాయి అంది. నువ్వు పుట్టకముందే నేను ఆ కంపెనీ స్తంభాలెక్కానని లైల్ నవ్వాడు.

ఆలోచించమన్న రెండో మనిషి డానియెల్ రివే. లైల్ దగ్గరే పని నేర్చుకుంది. తర్వాత యూనియన్ ప్రతినిధి అయింది. ఆ శీతాకాలం కంపెనీ ఉత్తరాన ఉన్న రిపేరు ముఠాల్లో సగం మందిని ఇంటికి పంపేసింది. అందులో ఆమె ఉద్యోగం కూడా పోయింది. వాటాదారుల సమావేశానికి యూనియన్ ఒక తీర్మానం పెట్టింది: రెండేళ్లు డివిడెండు కొంచెం తగ్గించండి, ఆ డబ్బుతో ముఠాల్ని నిలబెట్టండి. ఓటు కాగితం లైల్‌కీ వచ్చింది. డానియెల్ లైల్ వంటింట్లో కూర్చుని, కాఫీ కప్పు పక్కకి జరిపి అడిగింది.

"నీ డివిడెండు ఎక్కణ్ణుంచొస్తుందనుకుంటున్నావ్ పెద్దాయనా? డాలరు సంపాదించి డాలరున్నర పంచుతున్నారు. ఆ అర డాలరు అప్పు తెస్తున్నారు. అప్పు పుట్టకపోతే మమ్మల్ని పీకుతున్నారు. నువ్వు మూడు నెలలకోసారి లెక్కపెట్టుకునేది నా జీతం."

"జనీన్ గది నీకు తెలుసు కదా పిల్లా."

"తెలుసు. అందుకే చెప్తున్నా. కొంచెం తగ్గితే తట్టుకుంటావ్. ఒక్కసారి కూలితే తట్టుకోలేవ్."

లైల్ మూడు సమ్మెల్లో గేటు ముందు నిలబడ్డ మనిషి. ఒక సమ్మెలో నెల రోజులు ఉడకబెట్టిన బంగాళాదుంపలే తిన్నాడు. ఆ మనిషే ఆమె వెళ్లాక, తీర్మానం వద్దు, ఇది బోర్డు సిఫారసు అని అచ్చువేసి ఉన్న గడిలో టిక్కు పెట్టాడు. తీర్మానం ఓడిపోయింది. ఓడించింది లైల్ ఒక్కడే కాదు. స్తంభాలెక్కి రిటైరైన వాళ్లంతా అదే గడిలో టిక్కు పెట్టారు. కూలివాడి చేతిలో నాలుగు షేర్లు పెట్టి, కూలివాడి మీదికే ఓటు వేయించుకోవడం కంపెనీలకి బాగా తెలిసిన విద్య.

ఏడాది తిరిగింది. మే నెలలో ఒక పొద్దున, నాలుగు డాలర్ల డివిడెండు ఇక డాలరూ ముప్పావని కంపెనీ ప్రకటించింది. షేరు ముప్పైకి జారింది. టిఫిను దుకాణంలో గురువారాలు కలిసే పాత లైన్‌మన్లు ఆ వారం వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఎవరూ అమ్మలేదు. కంపెనీ ఎక్కడికీ పోదు, మళ్లీ లేస్తుంది అనుకున్నారు.

జనీన్ గదికి నెలకి అయిదు వందలు తక్కువ పడింది. ఆ సంగతి తెలిసి డానియెల్ వచ్చింది. ఆమె అప్పటికి ఓ గోదాములో పెట్టెలెత్తే పనిలో చేరింది.

"అమ్మెయ్," అంది. "నెలకి పదిహేడు షేర్లమ్మితే గది ఆవిడకుంటుంది."

"ముప్పైకా? డెబ్బై చూసిన షేరు."

"పదేళ్లన్నా వస్తాయి. జనీన్‌కి పదేళ్లున్నాయంటావా?"

లైల్ ముఖం ఎర్రబడింది. "నీకు పని నేర్పినవాడికి లెక్కలు నేర్పొచ్చావా?"

డానియెల్ లేచి కోటు తొడుక్కుంది. "లెక్క కాదు. దేన్ని అంటిపెట్టుకున్నావో చూసుకో," అని వెళ్లిపోయింది.

జూన్‌లో లైల్ ఉమ్మడి గదికి మార్చమని కాగితం మీద సంతకం పెట్టాడు. ధర కోలుకునేదాకానే, రెండు మూడు నెలలే అని తనకి తాను చెప్పుకున్నాడు. మూడు వారాల్లో మంచం దొరికింది. కిటికీ పక్క మంచం ముసలావిడ వైపు ఉంది. జనీన్ వైపు ఒక తెర, తెర అవతల పగలంతా వాగే టీవీ. మొదటి రాత్రే ఆమె తెరని రెండు చేతులా లాగి పడిపోయింది. మోచెయ్యి నల్లగా కమిలింది. మళ్లీ మాత్రలు. లైల్ వెళ్లేసరికి నోరు తెరుచుకుని, గడ్డం మీద చొంగ కారుతూ, కుర్చీలో ఒరిగి ఉండేది. రొట్టె ముక్క నోట్లో పెడితే నమలడం మరిచిపోయేది. ఒకరోజు కాస్త తెలివొచ్చి, అతని చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఏవండీ, నా గది ఎవరికిచ్చేశారు?"

మర్నాడే లైల్ షేర్లన్నీ అమ్మేశాడు. ఇరవై ఎనిమిదికి. ముప్పయ్యారేళ్లు కూడబెట్టింది ఫోను మీద నాలుగు నిమిషాల్లో అయిపోయింది. డబ్బు చేతికందగానే హోము ఆఫీసుకి వెళ్లాడు. జనీన్‌ని మళ్లీ సొంత గదికి మార్చండి, ఏడాది సొమ్ము ముందే కడతానన్నాడు.

ఆఫీసులో ఉండే వెలెట్ మంచి మనిషి. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"డబ్బు కాదండీ హాపలా గారూ. గది లేదు. మీ పేరు రాసుకుంటాను. మీ ముందు పంతొమ్మిది మంది ఉన్నారు."

"ఎంతకాలం పడుతుంది?"

"ఖాళీ అయినప్పుడు." ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ఆ గదులు ఎలా ఖాళీ అవుతాయో ఇద్దరికీ తెలుసు.

హోము గుమ్మంలో ఒక చిన్న బల్ల ఉంటుంది. ఎవరైనా పోతే వాళ్ల ఫొటో, బ్యాటరీ కొవ్వొత్తి దాని మీద మూడు రోజులు పెడతారు. లైల్ ఇదివరకు ఆ బల్ల వైపు చూసేవాడు కాదు. ఇప్పుడు తలుపు తోయగానే మొదట చూసేది దాన్నే. ఫొటో ఉంటే, ఉమ్మడి గదుల మనిషా, సొంత గదుల మనిషా అని ముఖం గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తాడు.

నవంబరు మొదటి వారంలో ఫొటో ఉంది. మేరీ-పాల్ బొదువాఁ, జనీన్ పాత గదికి రెండు తలుపుల అవతల ఉండేది. గుమ్మం దగ్గర ఎప్పుడు కనిపించినా బాగున్నావా అబ్బాయీ అని పలకరించేది. లైల్ టోపీ తీశాడు. బూట్లకంటిన మంచు కరిగి నేల తడిసేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, తన ముందు ఇప్పుడు పద్దెనిమిది మందే కదా అని అడిగాడు.