గుడ్డ కట్టిన బీరకాయ

మా ముత్తవ్వని నేను చూడలేదు. తుఫానుకి ఊళ్ళో ఇల్లు కూలితే బిందెలూ బట్టలూ వదిలేసి, విత్తనాలు దాచిన ఆనపబుర్ర ఒక్కటే నెత్తిన పెట్టుకుని బయటపడిందట. ఆ విత్తనాల బీరపాదునే ఏటా వేసుకుంటూ వస్తే, అది ఇప్పుడు అమ్మ చేతుల్లో సీతమ్మధారలోని మా మేడ మీద కుండీలోకి చేరింది.

మొన్న ఆదివారం కూరకేమీ లేక, పైకెళ్ళి అన్నిటికన్నా పెద్ద కాయ కోసుకొచ్చాను. తొడిమకి ఎర్రగుడ్డ కట్టి ఉంటే, అమ్మ దిష్టి పిచ్చి అనుకుని విప్పి పారేశాను.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏటే, ఇత్తనానికి ఒగ్గేసిన కాయ కోసేసినావా! మీ ముత్తవ్వ పస్తులున్నా గుడ్డ కట్టిన కాయ ముట్టలేదే!"

"ముందే చెప్పొచ్చు కదా!" అని నేనూ అరిచాను. అరిచానే గానీ, ఆ కూర ముట్టలేదు.

సాయంత్రం ఆకులన్నీ వెతికితే వేలెడంత పిందె కనిపించింది. దగ్గర్లో గుడ్డ లేక, నా ఐడీ కార్డు తాడు విప్పి దానికి కట్టాను.

సోమవారం అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. "కార్డుకి తాడేది మేడమ్?"

"మా ముత్తవ్వకిచ్చాను" అన్నాను.