కట్టకొకసారి చెయ్యి దించు

ఇవాళ పొద్దున చాయ గిలాస నా చేతిలోంచి జారిపడింది. స్టీలు గిలాస కాబట్టి సొట్ట మాత్రమే పడింది. మా ఇంట్లో గాజు గిలాసలు కొననివ్వనిది అందుకే. కోడలు దాన్ని పిసినారితనం అంటుంది, నేను ముందుచూపు అంటాను. తెల్లారిన దగ్గర్నుంచి చాటెడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుని, ఆ చేత్తోనే గిలాస అందుకోబోయాను. పక్క అర్రలో పియానో వాయించుకుంటున్న మనుమరాలు చప్పుడు విన్నది గాని లేచి రాలేదు. "బాపమ్మా, ఎంతసేపటి సంది తీస్తున్నవే గవి? చెయ్యి దించు!" అని కూర్చున్న చోటునుంచే గద్దించింది. చివరి రెండు మాటలూ మా అత్తవి. అత్త పోయిన పదేళ్లకు పుట్టింది ఈ పిల్ల. ఫొటోలో తప్ప ఆమెను చూసింది లేదు. ఆమె మాట ఈమె నోట్లోకి ఎట్లా వచ్చిందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా అత్తగారి ఊరు కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరం. ఆ ఊళ్లో ఆడవాళ్లమందరం కార్ఖానాకు బీడీలు చేసిచ్చేవాళ్లం. మా అరుగు మీద పొద్దున పని కాగానే ఆరేడుగురం ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. చాటలో ఒక పక్క తంబాకు, ఒక పక్క తడిబట్టలో చుట్టిన తునికాకు, కత్తెర, దారం ఉండలు. ఆకును కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరిచి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. చూసేవాళ్లకు వేళ్లే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది గాని, చుట్టేటప్పుడు తిరిగేదంతా మణికట్టే. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. కట్ట కట్టగానే మా అత్త చాట కిందపెట్టి, రెండు చేతులూ మోకాళ్లకు అటూ ఇటూ వేలాడేసేది, దండెం మీద తడిబట్టల్లాగా. వీధిలో ఎవరు పోతుంటే వాళ్లను చూస్తూ ఉండేది. ఆ మనిషి పిండి గిర్ని దాటి మలుపు తిరిగేదాకా చేతులు కదిలించేది కాదు. మలుపు తిరగగానే "ఊఁ" అని మళ్లీ చాట ఎత్తుకునేది. మమ్మల్ని కూడా "చెయ్యి దించుండ్రే" అనేది. అందరూ దించేవాళ్లు, నేను తప్ప.

ఆమె దించిన సేపట్లో నేను ఇంకో అయిదారు చుట్టేదాన్ని. పెద్దమనిషి తన బద్ధకానికి ఒక రివాజు పేరు పెట్టుకున్నదని నా లోపలి మాట. ఒకరోజు లోపల ఆగక బయటికే వచ్చింది. "నువ్వు దించి సూసుకుంట కూసో అత్తా, నాకు పనున్నది" అన్నాను. పక్కనున్న వాళ్లు ఇక జగడమే అనుకుని చేతులాపి చూశారు. అత్తకు కోపం రాలేదు. "గా చెయ్యి ఎవలదనుకుంటున్నవే? కార్ఖానోడిదనుకున్నవా, నా కొడుకుదనుకున్నవా?" అని మాత్రం అడిగింది. నాకది ఎగతాళిలాగే వినిపించింది. ఎందుకు దించాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, అడగడం అప్పుడే మరిచిపోయి ఉంటాను. ఆ అరుగు మీద ఇరవై ఏళ్లు నా చాటే ముందు నిండేది. తర్వాత ఒక ఎండాకాలం కుడి బొటనవేలి మొదట్లో వాపు మొదలైంది. మొదట పొద్దున పూట నొప్పి, తర్వాత పొద్దంతా నొప్పి. చివరికి బావి దగ్గర ఉతికిన చీర పిండబోతే పిడికిలి బిగుసుకోలేదు. నీళ్లు కారుతున్న చీర పట్టుకుని నిలబడి ఉంటే అత్త వచ్చి నా చేతిలోంచి తీసుకుని తానే పిండి ఆరేసింది. అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర. "నేను చెప్పలేదా" అని అనలేదు. అన్నా బాగుండేది.

పియానో సంగతికి వస్తాను. కొడుకుకు గ్రానైటు యార్డులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికాక మేమంతా కరీంనగర్ వచ్చాం. మనుమరాలి బడిలో ప్రార్థన చేసే హాల్లో ఒక పాత పియానో ఉన్నది. సంగీతం మేడం ఎవరెవరి వేళ్లో చూసి, మా పిల్ల వేళ్లు మంచిగున్నాయని పట్టుకున్నది. ఇంట్లో సాధన చేయాలంటే కొడుకు ఎవరో వాడి వదిలేసిన కరెంటు పియానో ఒకటి తెచ్చాడు. దానికి స్టాండు కావాలన్నారు. నేను అడ్డం పడ్డాను. మా కుట్టుమిషన్ పాడై ఇనుప సామానుకు పోయినా దాని బల్ల రాయిలాగా ఉన్నది. బల్ల ఉండగా స్టాండెందుకు? బల్ల ముందు ప్లాస్టిక్ స్టూలు వేశాం. స్టూలు పొట్టిదై పిల్ల దాని మీద రెండు దిండ్లు పెట్టుకుని కూర్చున్నది. అది నా కంట్లో పడ్డది. మెట్‌పల్లి దూదితో దగ్గరుండి కుట్టించిన దిండ్లవి. "దిండు తలకాయకు, ముడ్డికి గాదు! దూది అణిగిపోతే మళ్ల నువ్వు ఏకిస్తవా?" అని లాగేసుకున్నాను. పిల్ల ఆ రోజు నుంచి ఉత్త స్టూలు మీదనే కూర్చుని, భుజాలు పైకి లేపి, మణికట్లు బల్ల అంచు మీద మడతపెట్టి వాయించుకునేది. ఆ మడత నేను రోజూ చూశాను. నాకేమీ తోచలేదు.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో మా పిల్ల ఒక్కతే రెండు పాటలు వాయించాలని మేడం నిర్ణయించింది. హాలు నిండా జనం ముందర, ఒక్కతే. పిల్లకు అన్నం మీద ధ్యాస లేకుండా పోయింది. బడి నుంచి రావడం, బల్ల ముందు కూర్చోవడం. ఒకరోజు మంచినీళ్ల చెంబు ఎడమచేత్తో ఎత్తి తాగడం చూశాను. ఆ ఎడమచెయ్యి సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? "ఏమైందే కుడిచెయ్యి?" అంటే "ఏం గాలే బాపమ్మా, జర గుంజుతుంది" అన్నది. ఇక్కడ నేను చేసింది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టాను. అంతవరకు మంచిదే. తర్వాత పాత ధోవతి చింపి మణికట్టుకు బిగించి కట్టి, "నొప్పైతుందని ఆపితే చెయ్యి మొండికేస్తది. నేను ఆపిన్నా? వాయించు" అన్నాను. సగం చెయ్యి పోగొట్టుకున్న దాన్ని, ఆ పోగొట్టుకున్న దారే పిల్లకు చూపించాను.

వారం తిరక్కుండా పిల్ల చేతిలో పెన్సిల్ నిలవడం లేదు. కోడలు పరేషానై ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, నేనూ వెంట పోయాను. డాక్టరు నా ధోవతి పట్టీ విప్పి, "ఎవలమ్మా కట్టింది గింత గట్టిగ?" అని అడిగాడు. కోడలు పైన తిరిగే ఫ్యాన్ వైపు చూసింది. నేనూ ఫ్యానే చూశాను. ఆయన పిల్ల బొటనవేలు మడిచి, అటూ ఇటూ వంచి, ఎక్కడెక్కడ నొస్తున్నదో అడిగి చెప్పింది ఇది: మూడు వారాలు పియానో ముట్టొద్దు. ఆ తర్వాత రోజుకు పది నిమిషాలు, మెల్లగా పెంచుకోవాలి. నొప్పి తెలిసిన చోటే ఆపాలి, ఓర్చుకుని వాయిస్తే ఆ నొప్పి ఇక అక్కడే కాపురం పెడుతుంది. "ఎట్ల కూసొని వాయిస్తున్నవో గూడ సూసుకో బిడ్డా" అన్నాడు చివరికి. పిల్ల నా వైపు చూడలేదు. దిండ్ల మాట ఎత్తలేదు. వార్షికోత్సవానికి ఆరు వారాలు ఉన్నది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన కూర్చుని, "బాపమ్మా, నీ చెయ్యి గిట్లనే షురువైందా?" అన్నది.

"గిట్లనే."

"మరి ఎప్పుడు తక్కువైంది?"

నేను రోడ్డు వైపు తిరిగాను. 

మర్నాడు సెలవు చిట్టీ ఇచ్చే నెపంతో నేనొక్కదాన్నే బడికి పోయాను. నిజానికి నాకు ఆ పియానోను చూడాలని ఉండె. ఒక చెక్కపెట్టె ఆడపిల్ల చెయ్యి ఎట్లా పాడుచేస్తుంది? అందులో ఏముంటుంది? సంగీతం మేడం మా ప్రాంతం మనిషి కాదు. పిల్ల సంగతి విని నొచ్చుకున్నది, నా అనుమానాలకు మాత్రం నవ్వలేదు. పై మూత ఎత్తి చూపించింది. లోపల బావిమోకుల్లాగా బిగించిన తీగలు, బొంతబట్టలాంటిది తొడిగిన చిన్న చిన్న సుత్తెలు. వేళ్ల కింద వరసగా ఉన్న తెల్ల మెట్లలో ఒకటి నొక్కితే సుత్తె ఎగిరి తీగను కొట్టి వెనక్కి పడుతున్నది. నేను ఒకటి మెల్లగా, ఒకటి గట్టిగా నొక్కి చూశాను. పిల్లలాగా అరగంట అదే పని. "వేలితో కొట్టకూడదమ్మా, భుజం నుంచి చెయ్యి బరువు అలా వాలాలి. మణికట్టు దారి మాత్రమే. నీళ్ల పైపు మడిస్తే ఏమవుతుంది? ఇక్కడ మడిస్తే అదే అవుతుంది" అని ఆమె మొదట తన బెంచీకి ఉన్న మరలు తిప్పి ఎత్తు చేసుకున్నది. మోచెయ్యి మెట్లకు సమానంగా వచ్చేదాకా తిప్పింది. అప్పటిదాకా మెట్లు ముట్టలేదు. ఆ మరలు చూస్తుంటే ఇంట్లో ఉత్త స్టూలు గుర్తొచ్చింది. "ఇంట్ల దిండ్లేసుకొని కూసుంటుండె. నేనే గుంజుకున్న" అని చెప్పేశాను. ఆమె తల ఊపి పాట అందుకున్నది.

పాట అయిపోయింది. ఆమె రెండు చేతులూ మెట్ల మీద నుంచి తీసి, బెంచీకి అటూ ఇటూ వేలాడేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నది. అచ్చం మా అత్తే. అదే వేలాడేయడం. దండెం మీద తడిబట్టలు. "గట్ల చేతులెందుకు దించినవు బిడ్డా?" అన్నాను. ఇరవై ఏళ్లు అరుగు మీద అడగని మాట అది.

"మా టీచరు నేర్పిందమ్మా. చెయ్యి పనిలో ఉన్నంతసేపు నొప్పి సంగతి చెప్పదు. దించినప్పుడే చెబుతుంది. వినడానికి దించుతాను."

బడి నుంచి ఇంటికి నడిచే వచ్చాను, ఆటో ఎక్కబుద్ధి కాలేదు. వచ్చి నా పెట్టెలోని పాత బొంత తీసి, నాలుగు మడతలు వేసి, స్టూలుకు బిగించి కుట్టాను. దిండు అణుగుతుంది గాని బొంత అణగదు. ఇది కూడా పిసినారితనమే అంటే నేను కాదనను. బీడీ దారంతో పిల్ల మోచేతి ఎత్తు, మెట్ల ఎత్తు కొలిచి, రెండూ సమానమయ్యేదాకా మూడుసార్లు విప్పి కుట్టాను. మూడు వారాలు పియానో మీద నా చీర కప్పి ఉంచాను. నాలుగో వారం పది నిమిషాలు. పాటకొకసారి చెయ్యి దించాలన్నాను. ఎంతసేపని అడిగింది. అత్త లెక్కే చెప్పాను: కిటికీ ముందర పోయే మనిషి కరెంటు స్తంభం దాటేదాకా. మాది సందు, ఒక్కోసారి ఎంతకూ ఎవరూ రారు. ఒకరోజు, "బాపమ్మా, బర్రె వచ్చి స్తంభం కాడ్నే నిలవడ్డది. ఎంతసేపు దించాలె?" అని అరిచింది.

"బర్రె పోయేదాక!"

"అది నెమరేస్తుందే!"

"నువ్వు గూడ నెమరెయ్యి, నేర్సుకున్న పాట" అన్నాను. కోడలు వంటింట్లోంచి నవ్వింది. మా ఇంట్లో నా మాటకు ఎవరైనా నవ్వడం అరుదు.

వార్షికోత్సవం నాటికి నొప్పి చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు. మేము మూడో వరుసలో కూర్చున్నాం. పిల్ల బెంచీ మరలు తానే తిప్పుకున్నది. భుజాలు జారవిడిచి మొదటి పాట వాయించింది. నాకు రాగం తెలియదు గాని మణికట్టు తెలుసు. అది ఎక్కడా మడత పడలేదు. పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. పిల్ల చేతులు దించి కూర్చున్నది. చప్పట్లు ఆగాయి, ఇంకా దించే ఉన్నది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. కోడలు నా మోచెయ్యి పట్టుకుని, "మర్చిపోయిందా ఏంది అత్తమ్మా?" అన్నది. పిల్ల లేచి, దండం పెట్టి, మేడం చెవిలో ఏదో చెప్పి వచ్చి మా వరుసలో కూర్చున్నది. రెండో పాట మేడమే వాయించింది.

ఇంటికి వచ్చాక పిల్ల గేటు దగ్గర ఆగి, "బాపమ్మా, కోపమొచ్చిందా? చెయ్యి దించంగనే నొచ్చింది, సగంల లేచిన" అన్నది. కంచంలో మెతుకు మిగిల్చినా, ఊడ్చిన వాకిట్లో మూల వదిలినా ఊరుకోని మనిషిని నేను. భయపడే అడిగింది.

"ఎవలదే గా చెయ్యి?" అన్నాను.

"నాదే."

"మరింకేంది. కాళ్లు కడుక్కొని లోపటికి నడువు."

ఇప్పుడు ఆ రెండు పాటలూ రోజూ వింటున్నాను, మధ్యలో ఆ ఆగడంతో సహా. ఇవాళ పొద్దున పిల్ల గద్దించాక చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, రెండు చేతులూ మోకాళ్లకు అటూ ఇటూ వేలాడేసి కిటికీలోంచి చూశాను. పాల క్యాను పట్టుకుని ఒక మనిషి పోతున్నాడు. కుడిచెయ్యి బొటనవేలి మొదటి నుంచి మోచేతి దాకా తన సంగతంతా చెప్పింది, నేను విన్నాను. ఆ మనిషి స్తంభం దాటాడు. పట్టే సేపు అంతే. అంత సేపు ఆగడం నేర్చుకోవడానికి నాకు నలభై ఏళ్లకు పైనే పట్టింది.