ఈరమ్మ మిద్దె మీద కూర్చున్నదెవరు

మా ఇంట్లో దయ్యాలకు భయపడే పని మా అత్తమ్మ ఒక్కతే చూసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకోవద్దంటుంది, దీపాలు పెట్టే వేళ గడప మీద కూర్చోవద్దంటుంది. నేను రెండూ చేశాను, ఏమీ కాలేదు. పెళ్లయిన కొత్తలో ఆమె కథలు వింటూ నవ్వు ఆపుకోలేక తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడు నేను రాస్తున్నది ఎవరైనా చదివి వినిపిస్తే ఆమె నన్ను ఊరికే వదలదు. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మాది వీపనగండ్ల దగ్గర ఒక పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి మమ్మల్ని పెంచారు. ఆదివారం చర్చికి పోవడం తప్ప మాకు ఇంకో భక్తి తెలియదు. మహిళా సంఘంలో పొలాలకు మందు కొట్టే డ్రోన్ నేర్పిస్తామంటే అందరికంటే ముందు చెయ్యెత్తాను. అప్పటి నుంచి నాకు డ్రోన్ శాంతమ్మ అని పేరు పడింది. మా ఆయన డ్రోన్ శాంతమ్మ మొగుడయ్యాడు. ఆయనకు అది పెద్దగా నచ్చదు.

తర్వాత ఫొటోలు తీసే చిన్న డ్రోన్ కూడా నడపడం వచ్చింది. దాంతో వానాకాలంలో ఇంకో పని దొరికింది. పాత ఇళ్ల మిద్దెలు ఎలా ఉన్నాయో పైనుంచి చూసి పంచాయతీకి చెప్పడం.

మా వైపు మట్టి మిద్దెలు ఇంకా చాలా ఉన్నాయి. గోడల మీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాటి మీద కంప పరిచి పైన మట్టి తొక్కుతారు. నీళ్లు దిగకుండా ఏటా వానలకు ముందు చౌడు మట్టి పోస్తారు. ఇంటి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఒక్క ఏడాది కూడా మానరు. చిక్కంతా అక్కడే. పాత మట్టి తీయకుండా కొత్తది పోస్తూ పోతే మిద్దె బరువెక్కుతుంది, కింద దూలం మాత్రం ముసలిదవుతుంది. ముసురు పట్టినప్పుడు ఆ మట్టంతా నీళ్లు తాగి, పడుకున్నవాళ్ల మీద కూలిందని ప్రతి వానాకాలం వింటూనే ఉంటాం. ఎక్కి చూద్దామంటే ఎక్కినవాడే లోపల పడతాడు. అందుకే డ్రోన్.

పోయిన వానాకాలం గట్టు మండలంలో ఒక ఊరికి నన్ను పిలిపించారు. చీరలు నేసేవాళ్ల వాడ అది. ముసురు పట్టి జర తెరిపిచ్చిన మధ్యాహ్నం. తడిసిన గోడల వాసన, మగ్గాల చప్పుడు. పంచాయతీ కార్యదర్శి వాడ మొదట్లో నన్ను దింపి, ఇంకో ఇంటివాళ్లు పిలిస్తే అటు పోయాడు. నేను ఒక్కో ఇల్లే చూసుకుంటూ ఈరమ్మ ఇంటికి వచ్చాను.

ఈరమ్మకు అరవై దాటి ఉంటాయి. గడపలో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ముందు గదిలో ఆమె కొడుకు నాగేష్ గుంత మగ్గం మీద చీర నేస్తున్నాడు. నా చేతిలో డ్రోన్ చూడగానే ఆమె ముఖం ముడుచుకుంది. లోపల బాలింత ఉందని, పసిపిల్ల ఇప్పుడే పడుకుందని, ఆ తుమ్మెద చప్పుడు ఇక్కడ వద్దని చెప్పింది. బాలింత ఏ గదిలో ఉందని అడిగాను. వెనక గదిలో, గాలి తగలకుండా అంది. పురుటి స్నానం అయ్యేదాకా గడప దాటించరట. ఆ గదికి కిటికీ కూడా లేదు.

వెనక గది గోడ బయటినుంచి ఉబ్బి కనిపిస్తోంది. నాకు అది నచ్చలేదు. ఈ ముసురు తగ్గేదాకా తల్లీబిడ్డలను ఎదురుగా ఉన్న స్లాబు ఇంట్లో పడుకోబెట్టమని బతిమాలాను. ఈరమ్మ వినలేదు. ఏటా తన చేత్తో చౌడు పోస్తోందట, ఆ మిద్దెకు ఏమీ కాదట. ఆమెతో వాదించడం కంటే ఫొటో చూపించడం నయం అనుకుని డ్రోన్ లేపాను.

పగటి వెలుతురులో ఫోన్ తెర సరిగా కనబడదు. అందుకని నేను కొంగు నెత్తిమీద నుంచి ఫోన్ మీదికి కప్పుకుని చూస్తాను. శిక్షణలో అందరూ నవ్వేవారు, తర్వాత వాళ్లూ అదే మొదలుపెట్టారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

ముందు గది మిద్దె బాగానే ఉంది. వెనక గది మీదికి పోగానే డ్రోన్‌ను అక్కడే ఆపాను. నడిమధ్య మట్టి పళ్లెంలా కుంగిపోయి ఉంది. ఫొటో తీశాను. దగ్గరగా చూద్దామని డ్రోన్‌ను కాస్త దించాను.

ఆ కుంగిన చోట ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

ముసలామె. వెలిసిపోయిన ఎర్ర చీర, తల మీద కొంగు. గొంతుకు కూర్చుని, అరచేత్తో మట్టిని మెల్లగా తడుతోంది. మిద్దె మీద నెర్రె మూసేటప్పుడు ఆడవాళ్లు అలాగే తడతారు, పసిపిల్లను జోకొట్టినట్టు.

దయ్యం అన్న ఆలోచనే నాకు రాలేదు. ఈరమ్మ వాళ్ల బంధువెవరో చౌడు సర్దడానికి ఎక్కిందనుకున్నాను. ఆ మిద్దె ఆమె బరువు ఆపదని, ఆమె కిందే బాలింత పడుకుని ఉందని, అదొక్కటే భయం. అయినా అప్పుడే నాకు రెండు సంగతులు వింతగా అనిపించాయి. డ్రోన్ నెత్తిమీదికి వస్తే తలెత్తి చూడని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. పిల్లలు చేతులూపుతారు, ఆడవాళ్లు కొంగు సర్దుకుంటారు, తాగి పడిపోయినవాడు కూడా ఒక కన్ను తెరుస్తాడు. ఈమె చూడలేదు. రెండోది, డ్రోన్ రెక్కల గాలికి ఆమె చుట్టూ గడ్డి అల్లాడుతోంది. ఆమె కొంగు కదలడం లేదు.

నేను గట్టిగా అరిచాను. "ఈరమ్మా, వెనక మిద్దె మీద ముసలామె కూసున్నది. జల్ది దింపుండ్రి, మిద్దె ఆగదు."

ఈరమ్మ కండె పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "ఈ ఇంట్ల ముసలిదంటే నేనే. నిచ్చెన ఈడనే పడున్నది సూడు. ఎవరెక్కుతరు?" అంది.

నిచ్చెన నిజంగానే వాకిట్లో గోడ పక్కన అడ్డంగా పడి ఉంది. పక్కిళ్ల మిద్దెల నుంచి దాటి రావడానికి వీల్లేదు, మధ్యలో సందులున్నాయి. నాగేష్ మగ్గం గుంతలోంచి లేచి వచ్చి ఫోన్ అందుకున్నాడు. నేనూ తొంగి చూశాను. కుంగిన మట్టి, తడి గడ్డి. మనిషి లేదు.

నాగేష్ నా వైపు జాలిగా చూశాడు. నేను డ్రోన్‌ను వాకిట్లోకి దింపుకున్నాను. ఈరమ్మ మాత్రం జాలి పడలేదు. బాలింత ఉన్న ఇంటి ముందు ఇట్లాంటి మాటలేందని గొంతు పెంచింది.

అప్పుడు లోపలి నుంచి ఆమె కోడలు వచ్చింది. సుజాత అని, ఇరవై ఏళ్లుంటాయేమో. చెవులకు గుడ్డ కట్టుకుని, పిల్లను గుండెకు అదుముకుని ఉంది. తలుపు దగ్గర ఆగలేదు. గడప దాటి, వాకిలి దాటి, నా పక్కన వచ్చి నిలబడింది.

"నేను జెప్తే పిచ్చి లేసిందంటిరి," అంది సుజాత. "ఇన్ని దినాల సంది పైన ఎవరో నడుస్తుండ్రు అంటే నమ్మకపోతిరి. ఈ అక్క ఎవరు? ఈ అక్కకు నేను జెప్పిన్నా?"

నిజమే, నేను ఆమె ముఖం చూడడం అదే మొదటిసారి. తర్వాత తెలిసింది, పైన అడుగుల చప్పుడు వినబడుతోందని, నెత్తిమీద మట్టి రాలుతోందని ఆమె రోజూ చెబుతూనే ఉందట. బాలింత భయం అనుకుని వేపాకు కట్టారు, తలకింద కత్తి పెట్టారు. ఆ గదిలోంచి మాత్రం కదిలించలేదు. చివరికి ఆమె చెప్పడమే మానేసిందట.

ఈరమ్మ లోపలికి రమ్మంది. గాలి సోకుతుందంది, పిల్లకు దిష్టి అంది, అన్నీ అంది. సుజాత ఒక్కటే మాట అంది. "నేను పోను అత్తా."

సన్నగా చినుకు మొదలైంది. చినుకులో పసిపిల్లను నిలబెట్టలేక అందరం ఎదురింటి అరుగు మీదికి పోయాం. ఈరమ్మ తిడుతూనే వెనకాల వచ్చింది. ఆ తిట్లలో సగం నాకే. నాగేష్ పక్కబట్టలు తెస్తానని తిరిగి పోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పరాయి మగవాణ్ణి అలా పట్టుకోవడం నా జన్మలో అదొక్కసారే. వదిలెయ్యమని అతను, పోవద్దని నేను. అట్లా గుంజులాడుకుంటుండగానే వెనక గది కూలింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. వడ్ల బస్తా ఎత్తు నుంచి పడేసినట్టు ఒక్క శబ్దం. తర్వాత ముందు తలుపులోంచి దుమ్ము బయటికి వచ్చింది. వాడలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పిల్ల మాత్రం లేవలేదు.

మట్టి తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. దూలం మంచం మీద అడ్డంగా పడి ఉంది. మంచం ఎక్కడ విరిగిందో చూసి, అక్కడ ఎవరి తల ఉండేదో లెక్క కట్టుకుని, ఈరమ్మ మట్టిలోనే కూలబడింది. కాసేపటికి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత కోడలి దగ్గరికి పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. అత్త కోడలి కాళ్ల దగ్గర కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

ఇంటికి వచ్చాక డ్రోన్ కార్డులో ఉన్న ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఆమె కనబడ్డాక ఫొటో బటన్ నొక్కానో లేదో నాకు గుర్తులేదు. నొక్కలేదనే అనుకుంటాను. చివరి ఫొటోలో కుంగిన చోట గడ్డి కొంచెం అణిగి ఉంది. కార్యదర్శికి చూపిస్తే కోతి కూర్చుని ఉంటుందన్నాడు. కోతి కావచ్చు, చీర కట్టుకున్న కోతిని మాత్రం నేను చూడలేదని చెప్పాను.

నాకు డ్రోన్ నేర్పిన సారుకు ఫోన్ చేశాను. ఫోన్ తెర అద్దంలాంటిది, వెనక ఉన్న ఈరమ్మ నీడ అందులో పడి ఉంటుందన్నాడు. మంచి మాటే. కానీ నేను కొంగు కప్పుకుని చూస్తున్నాను, ఈరమ్మ పచ్చ చీరలో గడపలో కూర్చుని కండె చుడుతోంది. సుజాత విన్న అడుగులకూ ఆయన సమాధానం చెప్పాడు. దూలం విరిగే ముందు చప్పుడు చేస్తుందట. అదీ ఒప్పుకుంటాను. విడివిడిగా చెబితే రెండూ ఒప్పుకుంటాను. లోపలున్న ఆమె రోజూ విన్నదీ, బయటి ఊరి నుంచి వచ్చిన నేను ఆ క్షణంలో చూసిందీ ఒకే గది మీద ఎలా కలిశాయో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఆమె ఎవరని వాడలో చాలామంది చెప్పారు. ఈరమ్మ అత్త అన్నారొకరు. ఆ ఇల్లు అమ్ముకుని పోయిన పాత ఇంటావిడ అన్నారింకొకరు. నాకు ఏ ఫొటో చూపించినా అవునని చెప్పలేకపోయాను, ఎందుకంటే నేను ముఖం చూడలేదు. మా పాస్టరు గారు అది దేవదూత అన్నారు. మా అత్తమ్మ దేవదూతలు చౌడు మట్టి తొక్కరని ఆయన ముందే అనేసింది. ఈరమ్మ మాత్రం ఎవరి మాటా వినకుండా ఆ మట్టికుప్ప మీద కొత్త చీర, పసుపు కుంకుమ పెట్టి మొక్కింది.

ఆ దినం నేనొక్కదాన్నే చెప్పి ఉంటే డ్రోన్ శాంతమ్మకు కళ్లు తిరిగాయనేవారు. సుజాత ఒక్కతే చెప్పినప్పుడు వేపాకు కట్టారు. ఇద్దరం చెప్పాం కాబట్టి ఒక తల్లి, ఒక పసిపిల్ల బతికారు. మా ఇద్దరిలో ఒకరికి ఒకరిని సాక్ష్యంగా ఇచ్చిందెవరో గానీ, వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

ఈ మధ్య ఆ దారిన పోతూ వాళ్లింటికి పోయాను. వెనక గది స్థలంలో రేకులు వేసుకున్నారు. వాడలో చాలామంది మిద్దెల మీద పాత మట్టి దింపించారు. పిల్ల పాకుతోంది, నా డ్రోన్ పెట్టె మీద చేత్తో కొడుతోంది. ఈరమ్మ నన్ను అన్నం తినకుండా పోనివ్వలేదు. తింటూ సుజాతను అడిగాను, ఆ అడుగులు విన్నప్పుడు భయం వేయలేదా అని.

సుజాత పిల్లను ఒళ్లోకి తీసుకుంది. "మొదట్ల అయ్యింది అక్కా. తర్వాత కాలే. పిల్ల నిద్ర లేస్తదేమో అన్నట్టు జర మెల్లగ నడుస్తుండె," అంది.

నేను దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆమెను ఏమనాలో నాకు తెలియదు. ఆదివారం ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పుకున్నాక, పేరు తెలియని ఆమెకు కూడా ఒకసారి కృతజ్ఞత చెప్పుకుంటాను.