రెండు బిళ్ళలు తిప్పిన చెయ్యి

చూపు మందగించి పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయి గానీ, ఓడమెట్ల దగ్గరి ఆ చెక్కపలక మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. దాని మీద మనిషికొక బిళ్ళ. ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. ఊళ్ళోకి దిగేటప్పుడు ఎరుపు, తిరిగొచ్చాక తెలుపు. అన్నీ తెల్లబడితే తాళ్ళు విప్పేవాళ్ళు. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి.

ఆ నియమం నేనూ చిలకా పాటిస్తే కదా! ఇద్దరం ఇంజను గదిలో నూనె పోసేవాళ్ళం. వాడికి నోరు మూతపడదు కాబట్టి చిలక. ఖాళీ దొరికితే పుస్తకం పట్టేవాణ్ణి కాబట్టి నేను పంతులు. ఏ రేవులో దిగినా కలిసే తిరిగేవాళ్ళం. ముందెక్కినవాడు ఇద్దరి బిళ్ళలూ తిప్పేసేవాడు.

ఆ రోజూ అంతే. ఎవరితోనో కబుర్లలో పడి, "నువ్వు పదరా పంతులూ, వెనకే వస్తున్నా" అన్నాడు. రెండూ తిప్పేసి పనిలోకి దిగాను. భోజనాల దగ్గర చూస్తే వాడి కంచం ఖాళీ. అప్పటికే రేవు కనుమరుగైంది.

పలక ప్రకారం వాడు ఓడెక్కాడు. కాబట్టి సముద్రంలో పడ్డాడన్నారు. కెప్టెన్ ఓడ వెనక్కి తిప్పించి నీళ్ళు గాలించాడు. తిప్పింది నేనని చెప్పలేదు. మర్నాడు రేవు నుంచి కబురు: దొరికాడు, ఆస్పత్రిలో ఉన్నాడని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సంబరంలో బిళ్ళ ఎవరు తిప్పారని ఎవరూ అడగలేదు. తర్వాత వాడు రాసింది ఒకే ఒక్క ఉత్తరం: "కులాసా. ఇక్కడే పెళ్ళి చేసుకున్నా. ఇటొస్తే రా."

ఓడ అటు వెళ్ళేసరికి తొమ్మిదేళ్ళయింది.

రేవు వెనక సందులో కుర్చీలు బాగుచేసే కొట్టు. వాడు నేలమీద కూర్చుని కుర్చీకి పేము అల్లుతున్నాడు. "ఒరేయ్ పంతులూ!" అంటూ గోడకున్న చంకకర్ర అందుకుని లేచాడు. కుడి ప్యాంటు మోకాలి దగ్గర మడిచి కుట్టేసి ఉంది.

నా చేతిలో బిస్కెట్ల పొట్లం కింద పడింది.

"ఏంట్రా కొయ్యబారిపోయావ్? కొయ్యకాలు కావాల్సింది నాకైతే!"

"ఈయన హాస్యం ఇలాగే ఏడుస్తుంది, కూర్చోండి అన్నయ్యగారూ" అంది వాళ్ళావిడ.

వాడు మళ్ళీ కింద కూర్చుని, పేము అల్లుతూ తనే చెప్పాడు. "అడ్డదారిలో వస్తుంటే దుంగ దొర్లి కాలు ఇరుక్కుంది. మన ఓడ కూత వినగానే తెలిసిపోయింది, బిళ్ళ నువ్వు తిప్పేశావని. తెల్లారి కూలీలు చూశారు. సాయంత్రమే దొరికుంటే కాలు నిలిచేదట."

"నేను..."

"తిప్పినందుకేం లేదురా, నేను మాత్రం ఎన్నిసార్లు తిప్పలేదు? భోజనాల వేళకే కెప్టెన్‌కి చెప్పేసి ఉంటావు. మా పంతులు చెప్పే ఉంటాడు, వాళ్ళే పట్టించుకోలేదని దీంతో రోజూ అంటుంటా. అవునా?"

ఇద్దరూ నావైపే చూస్తున్నారు. అవుననడానికి ఒక్క తల ఊపు చాలు.

"చెప్పలేదురా. భయమేసింది."

వాడి చేతులు ఆగిపోయాయి. చిలకకు మాట పడిపోవడం నేను చూడటం అదే మొదలు. వాళ్ళావిడ తెచ్చిన మంచినీళ్ళు తిరిగి లోపలికి తీసుకెళ్ళిపోయింది. వాడు తలెత్తకుండా, "ఇప్పుడు వెళ్ళి చెప్పు. చెప్పాక రా" అన్నాడు.

వెళ్ళాను. కెప్టెన్ కొత్తవాడు. నిలబడి మొత్తం చెప్పాను. మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను.

"చెప్పావా?"

"చెప్పా."

"ఏమన్నాడు?"

"ఎవరా చిలక, అన్నాడు."

వాడు నవ్వలేదు. పొమ్మనీ అనలేదు. పేము బద్ద కొస ఒకటి నావైపు విసిరాడు.

"గట్టిగా పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."